ఆ చప్పుడు ఆపరూ!

పక్కన ఎవరైనా అన్నం నములుతుంటే ఒళ్లు మండుతుంది. ముక్కు ఎగబీలిస్తే అక్కణ్నుంచి పారిపోవాలనిపిస్తుంది. ఇన్నాళ్లూ పొగరనీ, కోపిష్టితనమనీ అందరూ కొట్టిపారేసిన ఈ బాధకు మిసోఫోనియా అని పేరుంది. పదేళ్లు దాటాక మొదలై, చదువులూ ఉద్యోగాల వయసులో కుర్రకారును ఇది లోలోపల నలిపేస్తోంది.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం వెలిసిన రీడింగ్ రూముల్లో అదొకటి. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే పొడుగాటి హాలు. ప్లైవుడ్ చెక్కలు అడ్డం కట్టిన క్యాబిన్లు. ఒక్కో క్యాబిన్‌లో ఒక లైటు, ఒక ప్లగ్గు, గోడకు అంటించిన సిలబస్ కాగితం. నెలనెలా డబ్బు కట్టేది అక్కడి నిశ్శబ్దం కోసమే. పాలిటీ పుస్తకం ముందేసుకుని కూర్చున్న కుర్రాడికి మాత్రం చాలాసేపటిగా ఒక్క పేరా ముందుకు సాగడం లేదు. చెక్కకు అవతల కూర్చున్నతను ముక్కు ఎగబీలుస్తున్నాడు. పాపం, జలుబు చేసినట్టుంది. ఒకసారి ఎగబీల్చి కాసేపు ఊరుకుంటాడు. ఆ కాసేపూ ఇవతలి కుర్రాడు మళ్లీ ఎప్పుడు వినపడుతుందా అని చెవులు రిక్కించుకుని ఉంటాడు. మెడ నరాలు బిగుసుకుంటాయి, పళ్లు వాటంతటవే కరుచుకుంటాయి. చప్పుడు రానే వస్తుంది. గుండె దడదడలాడుతుంది. ముఖమైనా సరిగా చూడని ఆ మనిషి మీద పొంగుకొచ్చే కసి చూసి అతనికే భయమేస్తుంది. "అన్నా, కొంచెం..." అని అడుగుదామని లేస్తాడు. ఏమని అడగాలి? జలుబు చేసినవాణ్ని ఊపిరి పీల్చుకోవద్దనా? పుస్తకాలు సర్దుకుని హాలు చివర్లో ఖాళీగా ఉన్న చోటికి మారతాడు. అక్కడెవరో పెన్ను నొక్కుతున్నారు. టిక్కు టిక్కు, టిక్కు టిక్కు.

పండక్కి ఊరెళ్తే బాధ ఇంకో రకం. అమ్మ పక్కన కూర్చుని పచ్చిపులుసు జుర్రుకుంటుంటే కంచం పట్టుకుని లేచి లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. "తిండికాడ అలుగుడేంది బిడ్డా? నేనేమన్న అన్ననా?" అంటుందామె. ఆమె ఏమీ అనలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఈ కుర్రాడికి పేరు పెట్టాల్సిన పనిలేదు. నలుగురు సర్దుకునే హాస్టల్ గదుల్లో, మాదాపూర్ పీజీల్లో, స్టడీ అవర్లు నడిచే ఇంటర్ కాలేజీల్లో ఇలాంటి అబ్బాయిలూ అమ్మాయిలూ ఎందరో ఉన్నారు. ఈమధ్య వాళ్ల నోట మిసోఫోనియా అన్న మాట తరచుగా వినిపిస్తోంది. రీల్స్‌లో దాని గురించి చెప్పేవాళ్లు పెరిగారు. 'అరె, ఇది నా గోలే' అని కింద కామెంట్లు పెట్టేవాళ్లూ పెరిగారు. చప్పుడంటే చిరాకున్న ప్రతివాళ్లూ తమకది ఉందనేసుకోవడమూ కనిపిస్తోంది. అందుకే అసలు విషయం తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది.

చెవి బాగానే ఉంది

ఇలాంటి బాధతో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే వినికిడి పరీక్ష చేస్తారు. చాలామందిలో ఫలితం మామూలుగానే వస్తుంది. 'నీకేం లేదు' అన్న ఆ మాట వింటే ఉపశమనం కలగాలి. వీళ్లకు కలగదు. ఏమీ లేకపోతే మరి ఎందుకిలా అవుతోందన్న దిగులు ఇంకాస్త పెరుగుతుంది.

1990లలో అమెరికాలోని ఆరెగాన్‌లో మార్షా జాన్సన్ అనే ఆడియాలజిస్టు తన దగ్గరికి వస్తున్న కొందరిలో ఈ తీరు గమనించారు. వాళ్లు పెద్ద మోతలను తట్టుకోగలుగుతున్నారు. నమలడం, చప్పరించడం, గొంతు సవరించుకోవడం లాంటి ఏవో కొన్ని చిన్న శబ్దాలకు మాత్రం విలవిల్లాడుతున్నారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో చెవిలో హోరు మీద పనిచేస్తున్న పావెల్, మార్గరెట్ జాస్ట్రెబాఫ్ దంపతులు 2001లో దీనికి మిసోఫోనియా అని పేరు పెట్టారు. పేరైతే వచ్చింది కానీ నమ్మినవాళ్లు తక్కువ. మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు ప్రమాణంగా తీసుకునే డీఎస్‌ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఐసీడీ-11లో గానీ దీనికి విడిగా చోటు లేదు. నిపుణుల బృందం ఒకటి కూర్చుని అందరూ ఒప్పుకునే నిర్వచనం తయారుచేసి ప్రచురించేసరికి 2022 వచ్చింది. కొన్ని ప్రత్యేకమైన శబ్దాలను, వాటితో ముడిపడినవాటిని తట్టుకునే శక్తి తగ్గిపోవడాన్ని అందులో ఒక రుగ్మతగానే గుర్తించారు.

చిరాకు అందరికీ ఉంటుంది. పక్కవాడు అప్పడం కరకరలాడిస్తే ఎవరికైనా ఒక్క క్షణం విసుగొస్తుంది, మరుక్షణం మాటల్లో పడి మరిచిపోతారు. మిసోఫోనియా ఉన్నవాళ్లు మరిచిపోలేరు. ఆ శబ్దం ఒకసారి చెవిన పడ్డాక గదిలో మిగతావన్నీ వెనక్కిపోయి అదొక్కటే మిగులుతుంది. లండన్ కింగ్స్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కలిసి చేసిన సర్వేలో మామూలు చిరాకుకూ దీనికీ మధ్య గీత ఎక్కడుందో కొంత తెలిసింది. ఎటూ కదల్లేకుండా ఇరుక్కుపోయామన్న భావన, ఏమీ చేయలేని నిస్సహాయత ఈ బాధ ఉన్నవాళ్లలో బలంగా కనిపించాయి. రీడింగ్ రూములో పుస్తకాలు సర్దుకుని చోటు మారిన కుర్రాణ్ని అక్కణ్నుంచి తరిమింది ఆ ఇరుకే.

అంకెల్లో

◆ 2023లో వెలువడిన ఆ బ్రిటన్ సర్వేలో 772 మంది పాల్గొన్నారు. జీవితానికి ఇబ్బంది కలిగించే స్థాయిలో మిసోఫోనియా లక్షణాలు 18.4 శాతం మందిలో ఉండొచ్చని అంచనా కట్టారు. మిసోఫోనియా అన్న మాట అప్పటికే తెలిసినవాళ్లు 13.6 శాతమే.

◆ 2014లో అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 483 మంది డిగ్రీ విద్యార్థులను పరిశీలిస్తే దాదాపు 20 శాతం మందిలో లెక్కలోకి తీసుకోదగ్గ లక్షణాలు కనిపించాయి.

◆ బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ వైద్య విద్యార్థులు 336 మందిపై 2021లో వచ్చిన అధ్యయనంలో 49.1 శాతం మందికి ఎంతోకొంత ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువమందిది స్వల్ప స్థాయే.

◆ మన దేశంలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పరిశోధకులు అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో దీనిపై సర్వే చేశారు.

న్యూకాజిల్ స్కానర్‌లో ఏం కనిపించింది?

ఇదంతా మనసు కల్పించుకున్నదేనని అనుమానించినవాళ్లలో పెద్ద పెద్ద డాక్టర్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో నాడీ వైద్య నిపుణుడు టిమ్ గ్రిఫిత్స్ వాళ్లలో ఒకరు. రోగులను స్వయంగా చూసేదాకా తానూ నమ్మలేదని, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు ఒకేలాంటి లక్షణాలు చెబుతుంటే ఆశ్చర్యపోయానని ఆయనే బాహాటంగా ఒప్పుకున్నారు.

ఆయన సహచరుడు సుఖ్‌బిందర్ కుమార్ నాయకత్వంలో ఒక ప్రయోగం జరిగింది. మిసోఫోనియా ఉన్న 20 మందిని, లేని 22 మందిని ఎంఆర్‌ఐ స్కానర్‌లో పడుకోబెట్టి మూడు రకాల శబ్దాలు వినిపించారు. మొదటిది వాన చప్పుడు లాంటిది. రెండోది పసిబిడ్డ ఏడుపులా ఎవరికైనా ఇబ్బంది పెట్టేది. మూడోది తినడం, ఊపిరి తీయడం లాంటిది. మొదటి రెండింటి దగ్గరా రెండు జట్లకూ పెద్ద తేడా రాలేదు. మూడోది మొదలవగానే మిసోఫోనియా ఉన్నవాళ్ల గుండె వేగం పెరిగింది, చర్మం మీద చెమట స్పందన పెరిగింది. మెదడులో యాంటీరియర్ ఇన్సులా అనే భాగం ఒక్కసారిగా చురుకెక్కింది. వచ్చే సంకేతాల్లో దేన్ని పట్టించుకోవాలో, దేనికి ఎంత ఉద్వేగం చూపాలో తేల్చడంలో ఆ భాగానిది ముఖ్యమైన పాత్ర. 2017లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు ఏళ్ల తరబడి 'ఓవర్ చేస్తున్నావ్' అనిపించుకున్నవాళ్లకు తమ మాటకు ఒక సాక్ష్యం దొరికినట్టయింది. వేడి పెనం తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చినట్టు, వీళ్ల ఒళ్లు ఆలోచన కంటే ముందే స్పందిస్తోంది.

అదే బృందం 2021లో ఇంకో సంగతి పట్టుకుంది. మిసోఫోనియా ఉన్నవాళ్ల మెదడులో, వినికిడికి సంబంధించిన భాగానికీ నోరు, ముఖం, గొంతు కండరాలను కదిలించే భాగానికీ మధ్య అనుసంధానం మామూలు కంటే గట్టిగా ఉంది. ఎదుటివాళ్లు నములుతుంటే ఆ నమలడం తన నోట్లోనే జరుగుతున్నట్టు మెదడు అద్దం పడుతోందన్నది వాళ్ల వివరణ. ఒకరి నోటి కదలిక అనుమతి లేకుండా తనలోకి చొరబడటం అంటే ఎంత దుర్భరమో ఊహించుకోవచ్చు. కొందరు బాధితులు ఆ చప్పుడును తామూ అనుకరించి కాస్త ఊరట పొందుతారన్న విషయానికీ ఇక్కడ సమాధానం దొరుకుతుంది. పక్కవాళ్లకు అది వెక్కిరింతలా కనిపించి గొడవలయిన ఇళ్లున్నాయి.

జన్యువుల పాత్ర మీదా పని జరుగుతోంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 80 వేల మందికి పైగా ఇచ్చిన జన్యు సమాచారాన్ని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. నమిలే చప్పుడుకు ఆగ్రహం రావడం, ఆందోళన, కుంగుబాటు లాంటి స్వభావాల మధ్య జన్యుపరమైన పోలికలు వాళ్లకు కనిపించాయి. అయినా ఇది ఫలానా కారణంతోనే వస్తుందని వేలెత్తి చూపే స్థితికి శాస్త్రం ఇంకా రాలేదు.

అయినవాళ్ల చప్పుడే ఎందుకు?

ఈ బాధలో అన్నిటికన్నా గుండె కోసేది ఇదే. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి చిప్స్ తింటే ఓర్చుకోగలిగిన అమ్మాయి, ఇంట్లో నాన్న వక్కపొడి నములుతుంటే ఓర్చుకోలేదు. ఆమెకు ఆ నాన్నంటే ప్రాణం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో మిరెన్ ఎడెల్‌స్టీన్, ప్రఖ్యాత నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ తదితరులు 2013లో 11 మంది బాధితులతో కూలంకషంగా మాట్లాడారు. దగ్గరివాళ్లు చేసే శబ్దాలే ఎక్కువ బాధిస్తాయని వాళ్లలో పలువురు చెప్పారు. చిన్న పిల్లలో, జంతువులో అదే చప్పుడు చేస్తే అంతగా పట్టదన్నారు. తమ నోట్లోంచి వచ్చేదీ అంతే. అంటే చెవిన పడ్డ శబ్దం ఒకటే అయినా, అది ఎవరిదన్న ఎరుకను బట్టి బాధ మారిపోతోంది.

అదే విశ్వవిద్యాలయంలో 2020లో వెలువడిన మరో ప్రయోగం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. మిసోఫోనియా ఉన్నవాళ్లకు కళ్లకేమీ చూపించకుండా శబ్దాలు మాత్రం వినిపించారు. మనిషి నమిలే చప్పుడును ఇంకేదో అనుకున్నప్పుడు వాళ్లకు బాధ తగ్గింది. తిండితో సంబంధమే లేని చప్పుడును మనిషి నమలడమని పొరబడినప్పుడు బాధ పెరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్ శాఖ పరిశోధకులు మామూలు మనుషుల్లోనే ఇలాంటిది చూశారు. నల్లబల్ల మీద గోళ్లతో గీకే శబ్దానికి ఫ్లూట్ వాయిస్తున్న మనిషి వీడియోను జతచేస్తే అంత ఘోరంగా అనిపించలేదట. చికిత్సకు ఇదొక దారి కావచ్చన్న ఆశ ఇప్పుడు పరిశోధకుల్లో ఉంది.

మన ఇళ్లలో ఇది ఇంకాస్త జటిలం. పులుసన్నం పిసికి, ముద్ద చేసి, జుర్రుకుని తినడంలోనే మనకు తృప్తి. వంట బాగుందని చెప్పడానికి లొట్టలేస్తాం. అందరూ కలిసి కూర్చుని తినడం ప్రేమకు గుర్తు. అలాంటి పంక్తిలోంచి ఒకరు రోజూ కంచం పట్టుకుని లేచిపోతుంటే పెద్దవాళ్ల మనసు నొచ్చుకోవడం సహజం. సిటీకెళ్లి చదువుకుని మన తిండిని ఏవగించుకుంటోందని అత్తయ్య అంటుంది. అన్నం మీద అలగకూడదని నానమ్మ మందలిస్తుంది. పిల్ల మాత్రం గదిలో ఒక్కతే తింటూ, అమ్మానాన్నల మీద తనకు ఇంత కోపం ఎందుకొస్తోందో తెలియక ఏడుస్తుంటుంది. తాను మంచిదాన్ని కానేమోనన్న అపరాధ భావం ఆ చప్పుడు కన్నా ఎక్కువ హింస పెడుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పనివ్వనిదీ అదే.

పదమూడేళ్లకు మొదలై

ఆమ్‌స్టర్‌డామ్‌లో డామియాన్ డెనిస్ బృందం 2013లో 42 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో ఈ బాధ మొదలైన సగటు వయసు 13. అంటే ఎనిమిదో తరగతి. ఆ వయసులో వచ్చే కోపాన్ని ఎవరూ జబ్బుగా చూడరు, టీనేజ్ అంటారు. ఇంటర్‌కొచ్చేసరికి హాస్టల్. బీటెక్‌లో ముగ్గురితో ఒక గది. ఉద్యోగమొచ్చాక పీజీ, ఓపెన్ ఆఫీసు, పక్క డెస్కులో మెకానికల్ కీబోర్డు. తలుపేసుకుని తప్పించుకునే వీలు ఏటికేడూ తగ్గిపోతుంది. రూమ్మేటు రాత్రి పదకొండింటికి స్పీకర్ ఆన్ చేసి, గిన్నెడు నూడుల్స్ చప్పరిస్తూ తినే వీడియో చూస్తుంటాడు. ఆ శబ్దమే అతనికి జోలపాట, పక్క మంచం మీది కుర్రాడికి నరకం. ఇద్దరిదీ తప్పు కాదు.

బ్రిటన్ సర్వే ప్రకారం వయసు పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది. ఆడ, మగ తేడా పెద్దగా లేదు. అందాకా ఈ పిల్లలు పోగొట్టుకునేది తక్కువేం కాదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చెప్పుల టపటప, వెనక బెంచీ నుంచి దగ్గు. మూడు గంటల పేపర్లో కోల్పోయిన ఆ నిమిషాలు మార్కుల జాబితాలో ఎక్కడా కనిపించవు.

చప్పుడుతో పాటు చూపూ బాధించేవాళ్లున్నారు. పక్కవాళ్లు కాలు ఊపుతుంటే తట్టుకోలేకపోవడాన్ని మిసోకైనీసియా అంటున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2021లో చేసిన అధ్యయనంలో సుమారు మూడో వంతు మందిలో ఈ ఇబ్బంది ఎంతోకొంత కనిపించింది.

ఏది ఏమిటి?

◆ మిసోఫోనియా: కొన్ని ప్రత్యేక శబ్దాలకు కోపం, అసహ్యం, పారిపోవాలన్న ఆత్రం. శబ్దం ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు.

◆ హైపరాక్యూసిస్: మామూలు శబ్దాలే భరించలేనంత పెద్దగా వినిపించడం, ఒక్కోసారి చెవిలో నొప్పి. స్టీలు గిన్నెలు తగిలినా, కుక్కర్ విజిల్ వేసినా చెవులు మూసుకుంటారు.

◆ ఫోనోఫోబియా: శబ్దమంటే భయం. మైగ్రేన్ సమయంలో శబ్దం భరించలేకపోవడానికీ డాక్టర్లు ఈ మాటే వాడతారు.

◆ టినైటస్: బయట శబ్దమేమీ లేకున్నా చెవిలో హోరు, గుయ్‌మనడం.

ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు. ఆటిజం, ఆందోళన ఉన్నవాళ్లలోనూ శబ్దాలు పడకపోవడం మామూలే.

చెవులు మూసుకుంటే పోతుందా?

ఎవరికైనా మొదట తట్టే ఉపాయం ఇయర్‌ప్లగ్‌లు. తప్పనిసరైన చోట పెట్టుకోవచ్చు. రోజంతా పెట్టుకుంటే మాత్రం ఎదురు తిరుగుతుంది. అమెరికాలో క్రెయిగ్ ఫార్మ్‌బీ బృందం 2003లో వినికిడి బాగున్నవాళ్లలో కొందరికి రెండు వారాలపాటు ఇయర్‌ప్లగ్‌లు పెట్టించింది. మరికొందరికి సన్నటి హోరు వినిపించే పరికరాలు తొడిగింది. రెండు వారాల తర్వాత ప్లగ్‌లు పెట్టుకున్నవాళ్లకు అవే శబ్దాలు మునుపటికన్నా పెద్దగా వినిపించాయి. సన్నటి హోరులో గడిపినవాళ్లకు తట్టుకునే శక్తి పెరిగింది. నిశ్శబ్దానికి అలవాటైన మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటుందన్నమాట. అందుకే ఫ్యాన్ హోరో, వాన చప్పుడో తక్కువ స్థాయిలో పెట్టుకోవడం మేలని ఆడియాలజిస్టులు చెబుతారు. భోజనాల వేళ ఇంట్లో సన్నగా పాట పెట్టుకున్నా చాలా తేడా ఉంటుంది.

నమిలే చప్పుడు వినపడకూడదని హెడ్‌ఫోన్లలో పాటలు హోరెత్తించడం మరీ ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే.

వీధి మోత మాటేమిటి?

◆ 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. నిశ్శబ్ద మండలాల్లో 50, 40.

◆ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కింద లెక్క.

◆ 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

◆ మిసోఫోనియాకు ఈ చట్టాలతో పనిలేదు. హైపరాక్యూసిస్, మైగ్రేన్ ఉన్నవాళ్లకు, నిద్రపట్టని పెద్దవాళ్లకు ఇవి అమలు కావడం చాలా అవసరం.

చికిత్స ఎంతవరకు వచ్చింది?

ఇదీ అని చెప్పగలిగే మందు లేదు. ఇప్పటిదాకా గట్టి ఆధారం ఉన్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 54 మందిపై జరిగిన పరీక్షలో మూడు నెలల బృంద చికిత్స తర్వాత 37 శాతం మందిలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. చికిత్స కోసం వేచి ఉన్నవాళ్లలో ఎవరికీ ఆ మార్పు రాలేదు. 37 అంటే సగం కూడా కాదు, నిజమే. పదేళ్లుగా ఏ దారీ కనపడనివాళ్లకు మాత్రం అది చిన్న ఊరట కాదు. చప్పుడు మీదున్న ధ్యాసను పక్కకు మళ్లించడం, ఒంట్లో బిగుతు సడలించుకోవడం, 'కావాలనే చేస్తున్నారు' అన్న ఆలోచనను పట్టుకుని ప్రశ్నించుకోవడం ఇందులో నేర్పుతారు. నిపుణుల తోడు లేకుండా, అలవాటవుతుందని ఆ చప్పుళ్ల మధ్యే బలవంతంగా కూర్చోబెట్టడం తగదు. పిల్లల విషయంలో కొన్ని ఇళ్లలో అదే చేస్తున్నారు. దానివల్ల కోపం పెరగడమే తప్ప ప్రయోజనం లేదు.

ఇంట్లో చెప్పడం కూడా చికిత్సలో భాగమే. చెప్పే వేళను బట్టి ఫలితం ఉంటుంది. అన్నం ముందు కూర్చున్నాక 'అట్లా తినకు' అంటే అది అవమానం. మధ్యాహ్నం తీరుబాటుగా ఉన్నప్పుడు, 'అమ్మా, నువ్వేం తప్పు చేయట్లేదు. ఆ చప్పుడు వింటే నా గుండె కొట్టుకుంటుంది, నాకు చేతకావట్లేదు' అంటే వినే తల్లులే ఎక్కువ. అప్పుడు ఇద్దరూ కలిసి ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. టీవీ పెట్టుకుని తినడం, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోవడం, తిన్నాక అరగంట కలిసి కబుర్లు చెప్పుకోవడం. పెళ్లి కుదిరినవాళ్లు ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. తర్వాత ప్రతి పూటా అదొక నిష్ఠూరమవుతుంది.

సాయం కావాలనుకున్నవాళ్లు మొదట వినికిడి పరీక్ష చేయించుకుని చెవి సమస్యలు లేవని తేల్చుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఆడియాలజీ సేవలున్నాయి. ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టును కలవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వెళ్లేముందు ఏ శబ్దం, ఎవరి నుంచి, ఎంతసేపు, అప్పుడు ఒంట్లో ఏమైందన్నది కొన్నాళ్లు కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది. ఎవరితోనైనా మాట్లాడితే చాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.